విజయనగరం నుంచి గోల్ఫ్ నేర్చుకోవడం: మా అమ్మాయికి కుదిరిన కోచ్ గురించి

విజయనగరంలో ఉంటూ గోల్ఫ్ నేర్చుకోవాలనుకునేవారికి అందుబాటులో ఉన్న దారి విశాఖపట్నమే. దూరం సుమారు 60 కిలోమీటర్లు. తెల్లవారుజామునే బయలుదేరి తగరపువలస, ఆనందపురం మీదుగా వెళితే ఎండ ముదరకముందే మైదానంలో ఉండవచ్చు. అక్కడ ముడసర్లోవ వైపు ఉన్న ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ 1884లో మొదలైనది, 18 హోల్స్ (బంతిని పడవేయవలసిన గుంటలు) ఉన్న పూర్తి మైదానం. అంత పాత మైదానం ఇంత దగ్గరలో ఉన్నా, మన జిల్లాల నుంచి పిల్లలను ఈ ఆటకు పంపే తల్లిదండ్రులు బహు తక్కువ. పంపాలనుకున్నవారికి మొదట ఎదురయ్యే ప్రశ్న కోచ్‌ను ఎలా ఎంచుకోవాలన్నది. ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయికి విశాఖలో ఒక కోచ్ దగ్గర చాలాకాలంగా పాఠాలు చెప్పిస్తున్నాను. ఆయన దగ్గర విద్యార్థులు కొద్దిమందే ఉంటారు, తన పేరు బహిరంగంగా రాయవద్దని కోరారు కనుక పేరు రాయడం లేదు. ఆయన ఎలా నేర్పుతారో, ఆయన్ను ఎందుకు ఎంచుకున్నానో, ఆయనలో నాకు నచ్చనివి ఏమిటో మాత్రం వివరంగా రాస్తాను. వీటి ఆధారంగా ఎవరైనా తమ పిల్లలకు సరిపోయే కోచ్‌ను వెతుక్కోవచ్చు.

మైదానానికి పక్కనే నివాసం ఉన్న కుటుంబం కోచ్‌ను ఎంచుకునే తీరు వేరు, మనం ఎంచుకోవలసిన తీరు వేరు. అక్కడి పిల్లలు ప్రతి సాయంత్రం రేంజ్‌కు (బంతులు కొట్టి సాధన చేసే చోటుకు) వెళ్ళి బంతులు కొట్టగలరు, తప్పు జరిగితే మర్నాడే కోచ్ కంట పడుతుంది. మన పిల్లలు కోచ్ ముందు నిలబడేది వారానికి ఒక్కసారి, పరీక్షలు వస్తే అదీ ఉండదు. ఆదివారం నేర్చుకున్న దానిలో ఏదైనా వంకర చేరితే, ఆ వంకరనే వారమంతా సాధన చేసి అలవాటుగా మార్చుకునే ప్రమాదం ఉంది. అందువల్ల కోచ్ లేని ఆరు రోజుల్లో తన తప్పును తానే గుర్తించగలిగేలా పిల్లను తయారుచేసే కోచ్ మనకు కావాలి. నా అభిప్రాయంలో ఇదే అన్నింటికంటే ముందు చూడవలసిన గుణం. ఆయన గతంలో గెలిచిన కప్పులు, ఆయన దగ్గరున్న యంత్రాలు, ఫీజు అన్నీ దీని తరువాతివే.

బరువులెత్తే ఆటకైతే మన ప్రాంతంలో కోచ్‌ను ఎంచుకోవడం ఎవరూ నేర్పనక్కరలేదు. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం సాధించి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయ్యారు. ఆమెకు తొలి పాఠాలు నేర్పిన నీలంశెట్టి అప్పన్న పేరు శ్రీకాకుళం జిల్లాలో నేటికీ గౌరవంగా చెప్పుకుంటారు. విజయనగరం పక్కనున్న కొండవెలగాడ నుంచి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చారు. అలాంటి ఊళ్ళలో కోచ్ విలువను ఆయన శిష్యులే చెబుతారు, ఎవరి దగ్గర నేర్చుకున్న పిల్లలు ఎలా ఎదిగారో ఊరందరికీ తెలుసు. గోల్ఫ్‌కు మన దగ్గర అలాంటి పరంపర ఇంకా ఏర్పడలేదు. కనుక అడిగి తెలుసుకోవాలి, దగ్గర నిలబడి చూడాలి.

అడగవలసిన వాటిలో మొదటిది కోచ్ అర్హత. మన దేశంలో ప్రొఫెషనల్ ఆటగాళ్ళ పోటీలను 2006లో ఏర్పడిన ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్ ఆఫ్ ఇండియా నడుపుతుంది. నేర్పేవారికి శిక్షణ ఇచ్చి ధ్రువపత్రాలు ఇచ్చేది నేషనల్ గోల్ఫ్ అకాడమీ ఆఫ్ ఇండియా. ఈ రెండూ వేర్వేరు అర్హతలని చాలామంది గమనించరు, ఒకాయన టూర్‌లో ఆడారంటే నేర్పడంలోనూ దిట్ట అయి ఉంటారనుకుంటారు. అది నిజం కావచ్చు, కాకపోవచ్చు. మరోవైపు, మైదానంలో కేడీగా (ఆటగాళ్ళ స్టిక్కుల సంచి మోసే సహాయకుడిగా) పనిచేస్తూ ఆటను కళ్ళతోనే నేర్చుకుని, తరువాత కోచ్‌లుగా మారినవారు మన దేశంలో ఎందరో ఉన్నారు. అంతర్జాతీయ టోర్నీలు గెలిచిన ఎస్.ఎస్.పి. చౌరాసియా రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో పచ్చిక మైదానాన్ని చూసుకునే ఉద్యోగి కుమారుడు. కాబట్టి ఇంగ్లీషు బాగా మాట్లాడలేరనో, పెద్ద బోర్డు లేదనో ఒక కోచ్‌ను పక్కన పెట్టడం న్యాయం కాదు. ధ్రువపత్రం ఉంటే మంచిదే, ఆయన కనీస శాస్త్రం చదువుకున్నారని దాన్ని బట్టి తెలుస్తుంది. పిల్లలకు నేర్పగలరో లేదో మాత్రం ఒక పాఠం చూస్తేనే తెలుస్తుంది.

రెండో ప్రశ్న నేను ప్రతి కోచ్‌నూ అడిగాను: కొట్టిన బంతి మొదట ఏ దిశలో బయలుదేరుతుందన్నది దేన్ని బట్టి ఉంటుంది? పాతకాలపు బోధనలో, స్టిక్కు తిరిగిన మార్గాన్ని బట్టి బంతి బయలుదేరుతుందనీ, స్టిక్కు ముఖం (బంతిని తాకే చదునైన భాగం) ఎటు తిరిగి ఉంటే చివరికి అటు వంగుతుందనీ చెప్పేవారు. రాడార్, కెమెరా పరికరాలతో కొలవడం మొదలయ్యాక తేలింది వేరు. బంతి బయలుదేరే దిశను ప్రధానంగా నిర్ణయించేది తగిలిన క్షణంలో స్టిక్కు ముఖం చూస్తున్న దిశ. ఆ ముఖానికీ స్టిక్కు కదిలే మార్గానికీ మధ్య ఉన్న తేడా వల్ల బంతి గాలిలో పక్కకు వంగుతుంది. ఇది పండితుల చర్చ అనిపించవచ్చు, కానీ దీని ఫలితం నేరుగా పిల్లల మీద పడుతుంది. కుడిచేతి వాటం ఉన్నవారు కొట్టిన బంతి కుడివైపుకు వంగిపోవడాన్ని స్లైస్ అంటారు, కొత్తగా నేర్చుకునే వారిలో ఎక్కువమందికి వచ్చే చిక్కు అదే. బంతి కుడికి పోతోంది కదా అని ఎడమకు గురిపెట్టి నిలబడితే స్టిక్కు మార్గం ఇంకా ఎడమకు లాగి, ముఖానికీ మార్గానికీ తేడా పెరిగి, బంతి మరింతగా కుడికి వంగుతుంది. కారణం తెలియని కోచ్ ఎడమకు నిలబడమనే చెబుతారు. పాత సూత్రం నేర్చుకున్న కోచ్ దాన్ని నిజాయితీగానే చెబుతూ ఉండవచ్చు, ఆయన్ను తప్పుపట్టనవసరం లేదు. అయినా నా బిడ్డకు నేర్పడానికి, కొత్తగా తెలిసిన విషయాన్ని చదువుకుని తన బోధనను మార్చుకున్న మనిషినే ఎంచుకుంటాను.

విశాఖ కోచ్‌ను కలవడానికి ముందు, సెలవుల్లో బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు వేరే నగరంలో ఇద్దరి దగ్గర పాఠాలు చెప్పించి చూశాను. మొదటి ఆయన పిల్ల ఎప్పుడైనా స్టిక్కు పట్టుకుందా అని కూడా అడగకుండా చేతికి డ్రైవర్ ఇచ్చారు. సెట్‌లో అన్నింటికంటే పొడవైన స్టిక్కు అది, కొత్తవారు అదుపు చేయడం అన్నింటికంటే కష్టం. బంతి తగలని ప్రతిసారీ “తల ఎత్తకు” అన్నారు తప్ప, తల ఎందుకు లేస్తోందో చూడలేదు. పాఠం పూర్తి కాకముందే ఫలానా దుకాణంలో పూర్తి సెట్ కొనమని సూచించారు. రెండో ఆయన దగ్గర మంచి లాంచ్ మానిటర్ (కొట్టిన బంతి వేగం, దిశ కొలిచే పరికరం) ఉంది. ఆ తెర మీద వచ్చే అంకెలను ఒక్కొక్కటిగా వివరిస్తూ గంటసేపు మాట్లాడారు. ఆయన చెప్పినదంతా సరైనదే, తెలివైన మనిషి, సందేహం లేదు. కానీ ఇంటికి వచ్చాక “ఇవాళ ఏం నేర్చుకున్నావు?” అని అడిగితే మా అమ్మాయి ఒక్క వాక్యం చెప్పలేకపోయింది. పిల్లలు పాఠం నుంచి బయటికి వచ్చిన వెంటనే ఈ ప్రశ్న అడగండి. ఒక్క విషయాన్ని సొంత మాటల్లో చెప్పగలిగితే ఆ పాఠానికి ఇచ్చిన డబ్బు సద్వినియోగమైనట్టే.

విశాఖ కోచ్ మొదటి పాఠం మొదలుపెట్టిన తీరు నాకు బాగా గుర్తుంది. “అమ్మా, నడుములో గానీ మణికట్టులో గానీ ఎప్పుడైనా నొప్పి వచ్చిందా?” అని అడిగారు. బడిలో ఏ ఆటలు ఆడుతుందో, ఏ చేత్తో రాస్తుందో, ఏ చేత్తో విసురుతుందో అడిగి, ఒక బంతిని దూరంగా విసరమన్నారు. నాతో “ఇంట్లో సాధన చేసేటప్పుడు పక్కన ఎవరుంటారండీ? స్థలం ఎంత ఉంది?” అని అడిగారు. మేము విజయనగరం నుంచి వస్తున్నామని తెలిశాక ఆయన వేసిన ప్రశ్నలన్నీ ఆ దూరం చుట్టూనే తిరిగాయి. తరువాత సెవెన్ ఐరన్ (మధ్యరకం దూరానికి వాడే స్టిక్కు) ఇచ్చి కొన్ని బంతులు కొట్టమని, ఒక్క మాటా మాట్లాడకుండా ముందు నుంచి కొంతసేపు, వెనుక నుంచి కొంతసేపు చూశారు. ఆ గంటలో ఆయన సరిదిద్దింది ఒక్క గ్రిప్‌నే, అంటే స్టిక్కును పట్టుకునే తీరునే.

గ్రిప్‌కు అంత సమయం ఎందుకని ఆ రోజు నాకూ అనిపించింది, కారణం ఆయనే వివరించారు. స్టిక్కును తాకేది చేతులే, కనుక స్టిక్కు ముఖం ఎటు తిరుగుతుందన్నది మొదట చేతుల్లోనే నిర్ణయమవుతుంది. మా అమ్మాయి ఎడమచేత్తో స్టిక్కును అరచేతి మధ్యలో పెట్టి పిడికిలి బిగించేది, అలా పడితే మణికట్టు స్వేచ్ఛగా వంగదు. వేళ్ళ మొదళ్ళ మీదుగా స్టిక్కును ఉంచి, అరచేతి కింది దళసరి భాగం పైనుంచి కప్పేలా పట్టడం నేర్పారు. రెండు చేతులను కలిపే పద్ధతులు ప్రధానంగా మూడున్నాయి: కుడి చిటికెన వేలు ఎడమ చూపుడు వేలి పైన ఆనించడం, ఆ రెండు వేళ్ళనూ ఒకదానిలో ఒకటి పెనవేయడం, పది వేళ్ళతోనూ పట్టుకోవడం. ఆమె చేతులు చిన్నవి కనుక పెనవేసే పద్ధతి చూపించి, అది అసౌకర్యంగా ఉంటే పది వేళ్ళతో పట్టినా ఫరవాలేదన్నారు. చేతిని సరిచేయడానికి తాకే ముందు ప్రతిసారీ “చెయ్యి పట్టుకోనా అమ్మా?” అని అడగడం, నేను కనబడేంత దూరంలో కూర్చోమని ఆయనే కోరడం చూసి నాకు ఆయన మీద గౌరవం కలిగింది. ఆడపిల్లలను పంపే తల్లిదండ్రులు ఈ ఒక్క విషయంలో ఎంత మొహమాటం ఉన్నా రాజీపడకూడదు.

ఇంట్లో చేయడానికి ఇచ్చిన పని కూడా అంతే సూటిగా ఉండేది. అద్దం ముందు నిలబడి గ్రిప్ పట్టడం, వదలడం, మళ్ళీ పట్టడం. ఎడమచేతి బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఏర్పడే గీత కుడి భుజం వైపు చూస్తోందా లేదా అన్నది ఆమే చూసుకోవాలి. కొన్ని వారాల తరువాత రెండు పాదాలూ దగ్గరగా పెట్టి సగం స్వింగ్ చేయమన్నారు, అంటే స్టిక్కును సగం వరకే ఊపి కొట్టమన్నారు. బలం ఎక్కువ వాడితే తూలిపోతారు, కనుక తప్పు తనంతట తానే తెలిసిపోతుంది. మా డాబా మీద చిల్లుల ప్లాస్టిక్ బంతులతో ఆమె ఇదే చేసేది. ఆయన ఇచ్చే పనులన్నింటిలోనూ ఇదే లక్షణం కనబడుతుంది: పక్కన కోచ్ లేకపోయినా, తప్పు చేసినప్పుడు పిల్లకు వెంటనే తెలిసే ఏర్పాటు ఏదో ఒకటి అందులో ఉంటుంది. వాకిట్లో ముగ్గు వేసే అమ్మాయికి చుక్క తప్పితే ఎవరూ చెప్పకుండానే తెలిసినట్టు, మా అమ్మాయికి ఇప్పుడు చేతుల్లో తేడా తెలుస్తోంది.

ఆయన దగ్గర లాంచ్ మానిటర్ లేదు, ఫోన్‌తోనే వీడియో తీస్తారు. నాకు కూడా తీయడం నేర్పారు. పిల్లకు ఎదురుగా నిలబడి ఒకటి, గురి రేఖ మీద ఆమె వెనుక నుంచి మరొకటి తీయాలి. రెండింటిలోనూ ఫోన్ ఆమె చేతుల ఎత్తులో, కదలకుండా ఉండాలి. ఎత్తు మారినా, పక్కకు జరిగినా స్వింగ్ మార్గం వేరేలా కనబడి, లేని తప్పు ఉన్నట్టు అనిపిస్తుంది. వారం మధ్యలో ఒక వీడియో వాట్సాప్‌లో పంపితే ఒకటి రెండు వాక్యాల జవాబు వస్తుంది. దీనికి అదనంగా డబ్బు తీసుకోరు. దూరం నుంచి వచ్చేవారికి ఈ సదుపాయం ఎంత విలువైనదో చెప్పలేను. కోచ్‌తో మొదటిసారి మాట్లాడేటప్పుడే, వారం మధ్యలో వీడియో చూసి సలహా చెబుతారా, దానికి ఫీజు వేరేగా ఉంటుందా అని తప్పక అడగండి.

ఆయన బోధనలో నాకు అన్నింటికంటే నచ్చినది పటింగ్‌కు, అంటే బంతిని నేల మీద దొర్లించి హోల్‌లో వేయడానికి, ఇచ్చే స్థానం. పార్ (మంచి ఆటగాడికి పట్టవలసిన మొత్తం దెబ్బల లెక్క) 72 ఉన్న మైదానంలో ప్రతి గ్రీన్ (హోల్ చుట్టూ పొట్టిగా కత్తిరించిన పచ్చిక) మీద రెండేసి పట్‌ల చొప్పున 36 పట్‌లు లెక్కలోనే ఉంటాయి, అంటే ఆటలో సగం నేల మీద దొర్లే బంతితోనే నడుస్తుంది. అయినా రేంజ్‌లో చూస్తే దాదాపు అందరూ దూరం కొట్టడమే సాధన చేస్తుంటారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచినప్పుడు, తనకంటే ఎంతో దూరం కొట్టగల క్రీడాకారిణులను ఆమె ప్రధానంగా పటింగ్ బలంతోనే ఎదుర్కొన్నారు. మా అమ్మాయికి ఆ కథ చెప్పినది కోచే. పటింగ్ మనకు ఇంకో విధంగానూ అనుకూలం, దానికి మైదానం అక్కరలేదు. బంతి కనీస వ్యాసం 42.67 మిల్లీమీటర్లు, హోల్ వ్యాసం 108 మిల్లీమీటర్లు. ఆ కొలతకు అట్టముక్క గుండ్రంగా కత్తిరించి హాల్లో తివాచీ మీద పెట్టుకుంటే చాలు. బంతి ఎంత వేగంగా వెళితే హోల్ అంచు దాన్ని అంత తేలికగా విసిరేస్తుంది కనుక, దిశ కంటే ముందు వేగాన్ని అదుపు చేయడం నేర్పారు. తివాచీ మీద వేగం గ్రీన్ మీద వేగంతో సమానం కాదు, ఆ సంగతి ఆయన ముందే చెప్పి, విశాఖలో ప్రతి పాఠం మొదట్లో కొంతసేపు అసలు గ్రీన్ మీదే గడిపించారు.

సామాన్ల విషయంలోనూ ఆయన సలహా మా జేబును కాపాడింది. నిబంధనల ప్రకారం ఆటలో 14 స్టిక్కుల వరకు తీసుకువెళ్ళవచ్చు, నేర్చుకునే పిల్లకు అవన్నీ అవసరం లేదు. ఒక సెవెన్ ఐరన్, ఒక వెడ్జ్ (దగ్గర నుంచి బంతిని పైకి లేపే స్టిక్కు), ఒక పటర్‌తో (పటింగ్ చేసే స్టిక్కుతో) చాలాకాలం గడిచిపోతుంది. పెద్దవారి స్టిక్కును కోసి పొట్టిగా చేసి పిల్లలకు ఇవ్వడం మన దగ్గర మామూలే, దాన్ని మాత్రం ఆయన గట్టిగా వద్దన్నారు. పొడవు తగ్గినా స్టిక్కు తల బరువు తగ్గదు, కోసిన కడ్డీ మరింత బిరుసుగా మారుతుంది. ఆ బరువును తిప్పడానికి పిల్ల ఒళ్ళంతా వంచి కొడుతుంది, ఆ అలవాటు తరువాత వదలదు. ఎత్తును బట్టి తయారుచేసిన జూనియర్ స్టిక్కులు వాడినవి దొరికితే అవే మేలు.

ఇక నచ్చనివి. ఆయన దగ్గర పిల్లలకు అరువిచ్చే జూనియర్ స్టిక్కులు లేవు. కొత్తగా వచ్చేవారు మొదటి పాఠానికే ఎక్కడో సంపాదించుకుని రావాలి, ఆటను ఇంకా రుచి చూడని పిల్ల కోసం అది భారమే. క్లబ్‌లో టోర్నీలున్న ఆదివారాల్లో పాఠం వేళ మారుతుంది, ఆ కబురు ఒక్కోసారి ముందురోజు రాత్రి వస్తుంది. ఊళ్ళోవారికి అది చిన్న విషయం, తెల్లవారుజామున బయలుదేరేవారికి కాదు. పాఠం చివర నేర్పినది రాసి ఇవ్వరు, మనమే రాసుకోవాలి. అన్నింటికంటే ముఖ్యంగా, డ్రైవర్‌ను చాలాకాలం ముట్టుకోనివ్వరు. తోటి పిల్లలు దూరం కొడుతుంటే చూసి మా అమ్మాయి చిన్నబుచ్చుకున్న రోజులున్నాయి. పిల్లల ఉత్సాహం నిలబడడానికి అప్పుడప్పుడు నాలుగు బంతులు డ్రైవర్‌తో కొట్టనిస్తే బాగుండేదని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను, ఆయనతో కూడా అన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

ఫీజు పాఠానికి ఇంత అని తీసుకుంటారు, నెలల డబ్బు ముందుగా కట్టించుకోరు. తుఫాను వల్లనో వర్షం వల్లనో పాఠం జరగకపోతే డబ్బు తీసుకోరు. మన తీరంలో అక్టోబరు, నవంబరు నెలలు ఎలా ఉంటాయో అందరికీ తెలిసిందే కనుక, పదిపన్నెండు పాఠాల సొమ్ము ఒకేసారి అడిగే కోచ్ ఎవరైనా ఉంటే, జరగని పాఠాల సంగతి ముందే తేల్చుకోవాలి. క్లబ్ సభ్యులు కానివారు రేంజ్‌లోకి రావడానికి, బంతులు తీసుకోవడానికి నిబంధనలు, రుసుములు కోచ్ ఫీజుకు వేరుగా ఉంటాయి, వాటిని క్లబ్ కార్యాలయంలోనే అడగాలి.

ఓపికతో పునాది వేయించుకోవాలనుకునే పిల్లలకు, ఇంట్లో రోజూ పావుగంటైనా సాధన చేయించగల తల్లిదండ్రులకు ఆయన సరిగ్గా సరిపోతారు. కొద్ది నెలల్లోనే టోర్నీలు ఆడించాలనుకునేవారికి ఆయన పద్ధతి మెల్లగా అనిపిస్తుంది. శ్రీకాకుళం నుంచి వచ్చేవారికి దూరం వంద కిలోమీటర్లు దాటుతుంది, ప్రతి వారం రావడం కష్టం. అలాంటి ఒక కుటుంబానికి ఆయన నెలకు రెండుసార్లు, శనివారం సాయంత్రం ఒక పాఠం, ఆదివారం ఉదయం మరొకటి ఏర్పాటు చేశారు. మొదటి పాఠంలో సరిదిద్దినది రాత్రి గడిచాక ఎంతవరకు నిలిచిందో రెండో పాఠంలో చూస్తారట. మీరు ఏ కోచ్‌తో మాట్లాడినా, ఇలా వేళలు కుదురుస్తారా అనీ, చేరే ముందు వేరే పిల్లకు చెప్పే పాఠాన్ని ఒకటి దూరం నుంచి చూడనిస్తారా అనీ ఫోన్‌లోనే అడిగి తెలుసుకోండి.